ఎక్స్ గీసిన ముక్క

గిరింపేటలో మా వెల్డింగు షెడ్డు.
యాంగిల్ అంటే నాకు ఇనుమే,
కేజీల లెక్కన కొనేది,
రెండు రెక్కలూ ఎప్పుడూ తొంభైలోనే ఉండేది.

ఇంట్లో చుట్టాల గోలని
హంసవేణి నోటుబుక్కు ఎత్తుకొచ్చి
కటింగు బల్ల మీద ఇనప రజను ఊదేసి కూర్చునింది.

ఒక త్రిభుజం.
ఒక మూల యాభై. ఇంకో మూలకు బయట నూటపది.
మిగిలిన మూలలో, చిన్నగా, ఎక్స్.

నాకు గుండె గతుక్కుమనింది.
మా షెడ్డులో సుద్దతో ఎక్స్ గీస్తే
ఆ ముక్క ఇంక పనికిరాదని.
"వెదకమంటారు నాన్నా, పారెయ్యమని కాదు."

సరే, నా పనిముట్టు నాకుంది గదా,
నూనె మరకల కోణమానిని కాగితం మీద పెట్టి
ఒక కన్ను మూసి చూసినా.
యాభైయేడు. బల్ల గుద్ది చెప్పినా.
పకపకా నవ్వింది నా బిడ్డ.
పటం కింద చీమ తలకాయంత అక్షరాలు చూపించింది:
కొలతకు గీసింది కాదు.

కొలతకు గీయనిదాన్ని ఎట్ల మే కొలిచేది?
ఇరవై రెండేండ్లు కొలిచే బతికినోణ్ణి, అడగతా ఉండా.

"కొలవగూడదు.
తెలిసినకాడ నిలబడి తెలియనిదాని దిక్కు నడవాల.
బయట నూటపదంటే లోపల డెబ్భై.
నూటఎనభైలో డెబ్భై, యాభై పోతే..."
పెన్సిలు నా చేతికిచ్చింది.

అరవై అని రాసినా.
ముట్టుకోకుండానే దొరికింది,
దొంగను పేరుపెట్టి పిలిస్తే
వాడే బయటికొచ్చినట్టు.

మర్నాడు రెడ్డిగుంటలో
లోగనాథ మొదలియారు బెల్లం గోడౌనుకు వాలుకప్పు.
మూడో మూల గోడ లోపల.
చెయ్యి దూరదు, కోణమానిని దూరదు.
ఇనుము మీదనే సుద్దతో రాసినా:
కింద తొంభై, ఈ కొస పద్దెనిమిది,
గోడలో దాక్కోనుండేది డెబ్భై రెండు.
కోసినా. ఎత్తినాము. పెట్టినాము.
సందులో నా చూపుడు వేలు పట్టింది.

"ఆ గోడ మా మామ కట్టించినప్పట్నించీ వాలిందే గదయ్యా"
అన్నాడు మొదలియారు, వక్క నములుతా.
నేను తొంభై అని నమ్మింది తొంభై కాదు.
రేకు ముక్క అడ్డం పెట్టి అతికేసి వచ్చినా.

రాత్రి దానికి చెప్తే,
"లెక్క తప్పు కాదు నాన్నా, దత్తాంశం తప్పు"
అనింది, సంగటి ముద్ద చారులో ముంచుకుంటా.

షెడ్డుకు తాళం వేసేదానికి పోయి
స్క్రాపు కుప్ప దగ్గర కొంచేపు నిలబడినా.
తెల్లారితే తూకమోడు వస్తాడు.
టార్చి వెలుతుర్లో
ఎన్ని ముక్కల మీద ఎన్ని ఎక్సులో,
అన్నీ నా చేత్తో గీసినవే.

రెండు తీసి పక్కన పెట్టినా.