ఫింజాను

ఉదయగిరి కొండ మీంచి ఎండ ఇంకా దిగలా.
కూర్చో పెంచలమ్మా, బస్సు తొమ్మిదింటికి గదా.
ఆ పాస్‌పోర్టు ఊరికే తడుముకోమాక, యాడికీ పోదు.
పదకొండేళ్ళు కువైట్‌లో ఒకే ఇంట్లో ఉండినదాన్ని,
నా మాట విను.

దల్లా ఎడంచేత్తో పట్టాల.
ఫింజాను కుడిచేత్తో ఇయ్యాల.
ఫింజాను అంటే చెవి లేని కప్పు,
మన ఉగ్గుగిన్నెకి చెల్లెలనుకో.
నిండా పొయ్యమాక.
మన పక్క అంచుదాకా పోస్తేనే మర్యాద,
సాసర్లోకి పొర్లితే ఇంకా ప్రేమ.
ఆడ నిండా పోస్తే "తాగేసి లేచిపో" అని.
తెలవక మొదటి వారమే పోసేశా, బాబా బామ్మర్దికి.
(యజమానిని బాబా అనాల, నువ్వు కూడా.)
దివానియా అంతా ఊపిరి బిగబట్టింది.
ఆయన మాత్రం నవ్వి
"మీరాబీ ఊళ్ళో నీళ్ళకి కరువు లేనట్టుండాది" అన్నాడంట.
ఉదయగిరిలో!
నాలుగు రోజులకొకసారి ట్యాంకరొచ్చే మా వీధిలో!

ముసలాళ్ళుంటే వాళ్ళకి ముందు,
తర్వాత కుడిపక్క నుంచి.
వచ్చినోడు ఏ పని మీద వచ్చాడో అడగరు.
పాతకాలంలో మూడు రోజులదాకా అడగరంట.
మనకైతే గడప దాటకముందే
ఏ ఊరు, ఎవరి తాలూకు, జీతమెంత, మూడూ అయిపోతాయి.

ఇంకోటి. ఏ వస్తువునీ బాగుందనమాక,
తీసి చేతిలో పెట్టేస్తారు.
మా నాయన చెక్కిన కొయ్యగరిటె నా పెట్టెలో చూసి
మామా ఒకసారి బాగుందనింది.
నేనేం తక్కువా? ఇచ్చేశా.
ఆ గరిటె ఇప్పటికీ ఆడే ఉండాది,
వాళ్ళ దేగిశాలో తిరుగుతా.

అరికాలు ఎదుటోళ్ళకి చూపకూడదు.
ఊదు పొగ తెచ్చారంటే ఇంక లేవాలని,
మన తాంబూలం లెక్క.
పళ్ళెం ఒకటే, చుట్టూ పదిమంది,
ఎవరి ముందుది వాళ్ళు తినాల.
చెప్తా ఉండా గానీ,
నువ్వు తినేది వంటింట్లో, వాళ్ళు లేచాక.
ఈ మర్యాదలన్నీ చుట్టాలకి.
నువ్వు దల్లా పట్టుకోని నిలబడేదానివి.
అది మర్చిపోతే ఏడుస్తావు.
గుర్తుంచుకున్నా ఏడుస్తావు.

చాలనుకుంటే ఫింజాను అటూ ఇటూ ఊపుతారు.
ఊపిందాకా పోస్తానే ఉండాల.
ఎన్ని చేతులు చూశానో!
ఉంగరాల చేతులు, వణికే చేతులు,
ఫోను చూసుకుంటా ఊపే చేతులు.

నాయన పోయాడని ఫోనొచ్చిన రాత్రి
టిక్కెట్టు దొరకలా.
అట్నే చెప్పుకుంటా అందరికీ, టిక్కెట్టు దొరకలా అని.
బాబా వాళ్ళమ్మ, ఉమ్ సౌద్,
కర్ర పొడుచుకుంటా వంటింట్లోకొచ్చింది.
నా చేతిలోంచి దల్లా తీసుకునింది.
నన్ను బియ్యం మూట మీద కూర్చోబెట్టి
కర్ర గోడకానించి, తను నిలబడింది.
ఎడంచేత్తో దల్లా, కుడిచేత్తో ఫింజాను.
అడుగున గుక్కెడు పోసింది. తాగా.
మళ్ళా పోసింది. తాగా.
ఏలకుల వాసనో, కళ్ళనీళ్ళో,
ఏది గొంతులోకి పోతా ఉండాదో తెలీలా.
మూడు దాటితే బాగుండదు, నాకు తెలుసు.
ఆరు.
ఏడు.
సైగ నాకు తెలవదా పెంచలమ్మా?
ఊపలా.
ఆమె పోస్తానే ఉండింది,
ఆ మోకాళ్ళ నొప్పులామె,
దల్లా అడుగంటిందాకా.

అదిగో హారను.
ఏందే, అప్పుడే గ్లాసు ఊపుతా ఉండావు?
పట్టు, ఇంకో చుక్క.
కండక్టరు మావాడే, ఆగుతాడు.