ఎక్కువైన గాలి

ఇర్మెలి ఒకప్పుడు పాలు పితికే యంత్రాలు బాగుచేసేది.
మా వైపు ఆవులు తగ్గాయి.
రబ్బరు పొర ఎక్కడైనా రబ్బరు పొరేగా, అని
సరస్సు అడుక్కి దిగేవాళ్ళ రెగ్యులేటర్లు విప్పడం నేర్చుకుంది.
పడవల షెడ్డులో కిటికీ పక్కన బల్ల,
దాని మీద ఉతికిన దిండు గలీబు,
గలీబు మీద, విప్పిన వరుసలోనే, ఇత్తడి ముక్కలు.
బిగించేటప్పుడు ఆ వాక్యాన్ని వెనక నుంచి చదవాలంటుంది.

ఔలిస్ ఆమె ముందు నిలబడ్డాడు.
మెడ చుట్టూ రబ్బరు పట్టీ ఒత్తిన ఎర్రని గీత,
గీత మీద ఇంకా టాల్కం పౌడరు.
"ఏమైంది?"
నీళ్ళు నమిలాడు.

ముప్పై ఎనిమిది మీటర్ల కింద,
మునిగిన కలప పడవ చుక్కాని దగ్గర,
గాలి ఆగిపోలేదట.
ఆగకపోవడమే జరిగిందట.

ఇర్మెలి చెబితే తెలిసింది నాకు:
సిలిండర్లో ముడుచుకు పడుకున్న గాలి
బయటికి రాగానే ఒళ్ళు విరుచుకుంటుంది.
విరుచుకున్న ప్రతిసారీ చల్లబడుతుంది,
నీళ్ళకన్నా, మంచుకన్నా.
దారిలో ఆవగింజంత తడి చాలు,
గడ్డకట్టి గడప మీద కూర్చుంటుంది.
తలుపు పడదు.
ఇక గుక్క తిప్పుకోనివ్వదు గాలి.
ముప్పావుగంట బతుకు నిమిషంన్నరలో
బుడగలై పైకి పరుగెత్తి
మంచు పైకప్పుకి అడుగు నుంచి అతుక్కుంటుంది,
ఎవరికీ అందని పళ్ళేల్లా.

నేను పైన ఉన్నాను.
త్రికోణంగా కోసిన మంచు కంతలో
నీళ్ళు ఉడుకుతున్నట్టు పొంగాయి.
తాడు నా చేతిలో ఉంది.
తాడు ఏమీ అనలేదు.

రెండు పొరల ఉన్ని తొడిగాడు, దానిపైన నీరంటని సూటు.
చన్నీళ్ళకు వేన్నీళ్ళు తోడంటారు.
అక్కడ, ఆ నాలుగు డిగ్రీల చీకట్లో,
వేన్నీళ్ళంటే ఒంట్లో నెత్తురొక్కటే.
అది వేళ్ళ దాకా రాదు.
మూడువేళ్ళ చేతొడుగుతో తల వెనక్కి తడుముకుని
కనిపించని మీట తిప్పి, ఆ తలుపు తనే మూసి,
మెడకు వేలాడే రెండోదాన్ని నోట పెట్టుకున్నాడు.
ఆ తర్వాత
నాలుగు లాగుళ్ళు.

ఇర్మెలి ప్రతి ముక్కనీ వెలుతురుకి పట్టి చూసింది.
స్ప్రింగు బాగుంది. నూనె అర బాగుంది.
అక్టోబరులో తను వేసిన పొర కొత్తగానే ఉంది.
"నా తప్పు కాదు," అంది, సంతోషం లేకుండా.
"దిగకముందు ఇందులో ఊదావా?"

ఔలిస్ నన్ను చూశాడు.
నేను పొయ్యిని చూశాను.

ఊదాడు.
మైనస్ పంతొమ్మిదిలో, మంచు అంచున కాళ్ళు వేలాడేసి,
రెగ్యులేటరు నోట్లో పెట్టుకుని బాతులా అరిచాడు.
నేను నవ్వాను.
మళ్ళీ అరిచాడు.
మొదటిసారే నవ్వి ఊరుకోవచ్చు కదా నేను.

తడి ఎక్కడుందో చూపించమన్నాను.
"ఇక్కడికొచ్చేలోపే కరిగిపోయింది, సైమీ," అంది ఇర్మెలి,
"సాక్ష్యం నిలవని నేరం."
తిట్టలేదు. వాక్యాన్ని వెనక నుంచి బిగించింది.
మార్చిన రబ్బరు ఉంగరానికి తొమ్మిది యూరోలు తీసుకుంది.
రెగ్యులేటరు అతని చేతిలో పెట్టి,
కుర్చీ పొయ్యి దగ్గరికి లాక్కుని,
"ఏదీ, ఆ బాతు. ఇక్కడొకసారి," అంది.

అరిచాడు. బాగానే అరిచాడు.
నేను నా అరచేతిలో తాడు ఒరుసుకున్న చోటు చూసుకుంటున్నాను.

నవ్వింది ఇర్మెలి.