వేరు

మా కోల్డ్ స్టోరేజీలో గదికో తాళం.
గుత్తి కోటేశ్వరమ్మ గారి బొడ్లోనే ఉంటుంది,
నిద్రలో ఒత్తిగిలినా గలగలమంటుందట.
సొంత అల్లుడు అడిగినా ఇవ్వదు.
రూటు పాస్‌వర్డు మాత్రం
ఎరువుల కంపెనీ క్యాలెండరు కింద, గోడ మీద,
నీలం స్కెచ్ పెన్నుతో:
పాత లారీ నంబరు, చివర రెండు సున్నాలు.

గుమాస్తా జక్రయ్య అదే కొడతాడు.
కాటా దగ్గరి కుర్రాడూ అదే.
నెలకోసారి విజయవాడ నుంచి బాగుచేయడానికొచ్చే అతనూ అదే.
నేనూ.
పొద్దున్నే నలుగురం ఒకే చొక్కాలో దూరేవాళ్లం.
ప్రతిదానికీ అనుమతి అడిగే యంత్రం
ఆ పేరు చెబితే ఏమీ అడగదు,
"నిజంగానా?" అని కూడా అనదు.
అదేదో మర్యాద అనుకునేవాళ్లం.

వైశాఖంలో ఒక రాత్రి
పాత బిల్లులు చెరపబోయి ఎవరో
ఏటవాలు గీత పక్కన ఖాళీ వదిలారు.
బియ్యపు గింజంత ఖాళీ.

తెల్లారేసరికి చలి చలిగానే ఉంది.
తొంభై వేల టిక్కీలు వరసల్లోనే ఉన్నాయి.
ఏది ఎవరిదో మాత్రం లేదు.
ప్రత్తిపాడు వాళ్లదీ, ఫిరంగిపురం వాళ్లదీ,
ధర పెరుగుతుందేమోనని ఆరు నెలలు ఆగిన
పెదనందిపాడు ఏసుపాదం గారిదీ
అంతా తేజా రకమే, ఒకటే ఎరుపు.
గేటు బయట ఆయన రసీదు పట్టుకుని నిలబడ్డాడు
చెమటకి అంకెలు పాకిపోతుంటే.

విజయవాడ యంత్రంలో చిట్టా నకలొకటి బతికింది.
విప్పి చూశాం.
రెండూ పదికి: రూటు.
రెండూ పదకొండుకి: రూటు.
పైకి జరిపినా కిందికి జరిపినా రూటు, రూటు.
కోటేశ్వరమ్మ గారు కళ్లజోడు సర్దుకుని
"ఎవడీ రూటు? పిలవండి వాణ్ణి" అన్నారు.

ఎవరం పలకలేదు.
నేను కాదని చెప్పుకోడానికి ఎవరి దగ్గరా పేరు లేదు.
ఆ రాత్రి నేనూ మేలుకునే ఉన్నాను.
ఏం కొట్టానో వేళ్లు చెప్పడం లేదు.
లేదా లారీ నంబరు ఊహించగలిగిన వాడెవడో
ఏ ఊళ్లోనో కూర్చుని
మా చొక్కాలో ఐదోవాడుగా దూరాడా?
వేరుకుళ్లు పట్టిన మిరపమొక్క
నాలుగు రోజులు పైకి పచ్చగానే ఉంటుంది.
రూటంటే వేరు.
వేరంటే ఎవరిది వారికని కూడా, కాస్త ఆలస్యంగా తోచింది.

బయటికొచ్చి కళ్లు తుడుచుకోబోయాను.
అప్పటిదాకా తడిమినవి బస్తాలు.
తొడిమలు తీస్తున్న మస్తానమ్మ గట్టిగా అరిచింది:
"ఆగయ్యా! ఘాటు చేతికి తెలీదు!"

ఇప్పుడు ఎవరి పేరుతో వాళ్లం.
రూటు పని కావాలంటే సుడో అడుగుతుంది,
నువ్వేనా, పాస్‌వర్డు చెప్పు అని.
పొద్దున్నుంచీ ఇదే సంతా అని జక్రయ్య సణుగుతాడు.
గోడమీద నీలం అంకెలకి సున్నం కొట్టించాం,
వెలుగు పక్కనుంచి పడితే ఇంకా కనిపిస్తాయి.
నేను మాత్రం ఎంటరు నొక్కే ముందు
వేళ్లు ముక్కు దగ్గరికి తెచ్చుకుని
ఒకసారి వాసన చూస్తాను.