నక్షత్రం కాడ ఆగిన

ఛత్తాబజార్ల ముప్పై ఏండ్లు
సీసం అక్షరాల్ని అద్దంల చూసినట్టు
తిరగేసి చదివినోణ్ణి.
తెర మీద సక్కగ నిలబడితే
పరాయివాటిలెక్క ఉన్నయి.

"మౌస్‌ను అంత గట్టిగ పట్టకుండ్రి చాచా,
పారిపోదు" అంటది సుమయ్య.
అది పారిపోలే. బాణమే దొరుకుతలేదు.

శుభలేఖల నక్షత్రం కాడ ఆగిన.
క కొట్టిన, పొల్లు కొట్టిన, ష కొట్టిన,
మూడూ కలిసి ఒక్క క్ష అయి కూసున్నయి.
ఒత్తు కోసం గూడు వెతుకుడు లేదు,
వేళ్ళకు మసి లేదు.

అంతల కరెంటు పోయింది.
"సేవ్ చేసిండ్రా?"

నా చేతిలకెల్లి గ్యాలీ జారిపడ్డ నాడు
నేల మీదన్న ఏరుకున్న.
ఇదేడ ఏరాలె?

లైటొచ్చినంక మళ్ళ మొదలు.
మాట మాటకు సేవ్.
సుమయ్య నవ్వుతది. నవ్వనీ.
వరుని పేరుకు ఒకటి, వధువు పేరుకు ఒకటి,
ముహూర్తానికి రెండుసార్లు.