పాటుకి ఆగిన పంటు

ఆ రోజు పాటు మరీ లోపలికి లాగేసింది.
మాధవాయిపాలెం రేవు కేకవేటు దూరంలో ఉందనగా
పంటు ఇసకమేట మీద కూర్చుంది,
గుంటలో దిగి లేవనంటున్న గేదెలాగ.
సరంగు చిట్టియ్య ఇంజను ఆపి, బీడీ ముట్టించి
“పోటు తగిలేదాకా ఇంతేనండి, ఆయ్” అన్నాడు.

నేను టిక్కెట్లు కోసేవాణ్ణి.
పద్నాలుగు మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల వ్యాను,
రొయ్యల మేత బస్తాలు, ఒక పెళ్లికూతురి మేనత్త,
నలుగురు తెల్లపిల్లలు.
లెక్క అంతే.

పాతికేళ్లు కూడా ఉండవు వాళ్లకి.
ఐలా అనే అమ్మాయిది స్కాట్లాండట.
కియరన్ అనే కుర్రాడిది ఐర్లండ్.
మిగతా ఇద్దరూ అక్కాతమ్ముళ్లు, కెనడాలో ఏదో దీవి.
“మాదీ లంకే అంటున్నారండి” అని
ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు తెలుగు చేసి చెప్పాడు.
లంకవాళ్లు పడవ ఆగితే కంగారు పడరు.
పెట్టెలు విప్పారు.

ఒక ఫిడేలు. ఒక రేకు పిల్లనగ్రోవి.
జల్లెడంత డప్పొకటి.
నాలుగోది చూసి మా ఏసేబు తాత లేచి నిలబడ్డాడు.
“ఓరి, తిత్తి!
బొమ్మలాటలో మా మేనమామ చంకన పెట్టుకుని ఊదేవోడు.
శ్రుతి తప్ప ఇంకేం పలికేది కాదు.
ఇది మాటాడతందేంట్రా!”

తాత అడిగిన మొదటి ప్రశ్న మీదే ఊరని కాదు,
“గొడ్డు తోలా, మేక తోలా?” అని.
కియరన్‌కి ఎలా అర్థమైందో, మే... అని అరిచాడు.
వ్యాను మీద కాయల గుట్టెక్కినవాళ్లు కూడా నవ్వారు.

తర్వాత వాయించారు.
నాకు సంగీతం రాదు.
ముప్పై ఏళ్లుగా ఈ రేవులో విన్నది ఇంజనూ, తగువులూ.
అది వచ్చిన తీరు మాత్రం చెబుతాను:
ఫిడేలు ముందు పరిగెత్తి, మలుపులో ఆగి,
పిల్లనగ్రోవి అందుకోగానే మళ్లీ పరిగెత్తేది,
చేనుగట్టు మీద బడికెళ్లే పిల్లల్లాగ.
తిత్తి కదల్లేదు.
ఏటి అడుగున ఒండ్రులాగ
కింద పరుచుకుని ఉండిపోయింది.

ఏసేబు తాత చావుమేళానికి వెళ్తున్నాడు.
చంకలో డప్పు చెమ్మ పట్టి మెత్తబడి ఉంది.
పంటు మీద నిప్పెక్కడిది?
ఇంజను గొట్టం వేడికి ఆనించి కాచాడు.
వేళ్లతో తకిట తకిట అని చూసుకుని
“మూడు మూళ్లేరా, జాతరడుగే” అని దిగిపోయాడు.

అసలు సంగతి ఆ తర్వాత.
సువార్తమ్మగారు బస్తా మీద కూర్చుని లేసు అల్లుతోంది.
నరసాపురంలో అదేం వింత కాదు.
నాలుగో పాటకో ఐదో పాటకో
ఆవిడ కొక్కెం ఆగింది.
“ఇది మా అమ్మమ్మ లెక్క” అంది.

మాటలు లేవట దానికి.
కుట్ల లెక్క తప్పకుండా ముక్కుతో తీసేదట.
అమ్మమ్మకి వాళ్లమ్మ నేర్పింది,
వాళ్లమ్మకి మిషను బంగళా దొరసాని.
చెబుతూ చెబుతూ కూనిరాగం తీసింది.
ఐలా ఫిడేలు దించేసింది.

చాలాదాకా ఒకటే నడక.
ఆఖరి తిరుగుడు దగ్గర సువార్తమ్మది పక్కకి ఒరిగింది,
పువ్వు రేకు చివర దారం వెనక్కి మడిచినట్టు.
“మాకు ఇక్కడ అలా రాదు” అంది ఐలా.
“మరి పువ్వెలా మూస్తారమ్మా?” అంది సువార్తమ్మ.
ఇంజనీరింగ్ కుర్రాడికి ఆ ముక్క తిప్పడం చేతకాలేదు.
లేసు చూపిస్తే సరిపోయింది.

అది అదే పాటా, కాదా?
తేల్చడానికి నేనెవణ్ణి.
పెళ్లికూతురి మేనత్త మాత్రం
“అన్నీ ఒకలాగే ఉన్నాయి, ముహూర్తం దాటిపోతంది బాబూ” అంది.
ఆవిడదీ న్యాయమే.

పోటు తగిలింది. పంటు ఒళ్లు విరుచుకుంది.
చిట్టియ్య ఇంజను వేస్తే
ఆ దడదడకి తాత అలవాటుగా చెయ్యి కలిపాడు,
పిల్లలు తాతతో కలిపారు.
రేవు దిగాక ఆయన చావింటికి ఎడమకి,
వాళ్లు అంతర్వేది ఆటోకి కుడికి.
ఐలా ఆ మలుపు మర్చిపోకుండా
ముక్కులో అనుకుంటూనే వెళ్లింది.

సాయంత్రం పద్దు చూస్తే
నాలుగు టిక్కెట్లు తక్కువొచ్చాయి.
గుమాస్తా అడిగాడు.
ఇసకమేట పేరున రాసుకోమన్నాను.