ఎద్దురాయి

ఎద్దురాయి కాడ వల తగులుకుంటే
దూకీది నానే.
తాడు నడుముకి, కత్తి పళ్ళ మజ్జిన.
పడవ మీద మా తమ్ముడు పోలయ్య లెక్కెట్టీవోడు.
తొంబై అంటే తాడు లాగీవోడు,
వంద ఎప్పుడూ దాటనీలేదు.

ఉప్పుకి కళ్ళు మూసుకుని సేసే పని.
ముప్పై ఏళ్ళు ఆ రాయి నాకు సేతుల్తోనే ఎరిక:
ఇక్కడ గుల్లలు, కోసీస్తాయి.
ఇక్కడ పాచి, మెత్తన.
ఇక్కడో నెర్రి, మోసెయ్యంత లోతు,
దాన్లో ఏదో ఉండీది, కదిలీది.
నాను దాన్ని అడగలేదు, అది నన్ను అడగలేదు.

ఇప్పుడు చింతపల్లి ఒడ్డుకి
సిలిండర్లొస్తన్నాయి, రబ్బరు సొక్కాలొస్తన్నాయి.
నా పడవ అద్దెకిస్తన్నాను.
అయిదరాబాదు బాబొకడు నల్లరాయి సూసి
'అగ్నిపర్వతం కక్కిందా ఇది?' అన్నాడు.
రాతికి పుట్టుక మేం అడగం బాబూ,
వల సిరిగిందా లేదా, అదే అడుగుతాం.

నిన్న పావని, డైవింగు నేర్పే పిల్ల,
'మావా, నువ్వూ ఒకపాలి దిగు' అంది.
కళ్ళకి అద్దం, నోట్లో గొట్టం.
ఒక్క మాటే గట్టిగా సెప్పింది:
'ఊపిరి బిగబట్టకు. ఏటైనా సరే, బిగబట్టకు.'
నవ్వొచ్చింది.
బిగబట్టే గదేటి ఇల్లు కట్టినాను.

దిగినాను.
సెవి పక్కన బుడగలు, గంజి ఉడుకుతున్న సప్పుడు.
ఎదర ఓ కొండ. ఊదారంగు, తుప్పురంగు,
పసుపు సారల సేపలు మందలు మందలు
నన్ను సూసి పరాయోడనుకుని పక్కకి తిరిగినాయి.
ఇదేటి, తోవ తప్పినానా?
కళ్ళు మూసుకున్నాను.
సెయ్యి సాపినాను.
గుల్లలు. పాచి. నెర్రి.
అప్పుడు గుర్తుపట్టినాను.

కళ్ళు తెరిస్తే నెర్రిలో
మచ్చల పాముసేప, నోరు తెరుస్తా మూస్తా
ఎన్నాళ్ళ నుంచో దాసిన మాట సెప్పబోతున్నట్టు.

లెక్క అలవాటు గదా, ఎట్టుకుంటానే ఉన్నాను.
తొంబై కాడ నడుం తడుముకున్నాను. తాడు లేదు.
నూట నలబై వరకూ గుర్తు.
తరవాత రాతి కింద ఓ వల ముక్క కనబడింది,
పాచి పట్టి, ఎడం సేత్తో ఏసిన ముడితో.
మా ఊర్లో ఎడం సేత్తో ముడేసీవోడు ఒక్కడే.
లెక్క పోనాది.

పైకొచ్చినాక పావని గడియారం సూసింది.
'ముప్పై ఆరు నిమిషాలు మావా!'
అంతసేపు అడుగునున్నోడు
మా పేటలో ఎవుడూ తిరిగి రాలేదమ్మా, అన్నాను.
జోకనుకుని నవ్వీసింది.
ఈపు మీద జిప్పు తియ్యడం రాక
నాను అలాగే కూకుండిపోనాను,
నీళ్ళు కారుతా.