మూడుకీ నాలుగుకీ మధ్య

సూళ్ళూరుపేటలో తెల్లారుజాము బండికి
కిటికీ పక్కన చోటు దొరికితే
ఆ రోజు సగం గెలిచినట్టే.
దొరకలా.
నడిమి సీట్లో నన్ను ఇరికించి
తడలో ఎక్కిన ఓబులేసు
మా నలుగురి మోకాళ్ళ మీదా తుండు పరిచి
ముక్కలేశాడు.
చేతిలో రెండు జోకర్లు.
పొన్నేరి దాటినా లైఫు పడలేదు.
మీంజూరు వచ్చేసరికి నా బాకీ
మూడు టీలు, ఒక మసాలా వడ.

బేసిన్ బ్రిడ్జి దగ్గర బండి ఆగింది.
ఎందుకాగిందని ఎవరూ అడగరు.
సెంట్రల్ స్టేషను కంటికి ఆనుతానే ఉంటుంది,
దిగి పట్టాలెంట నడిచినోళ్ళు
ఈపాటికి ఇడ్లీలు తింటుంటారు.
మేం మాత్రం కూర్చుని
దర్జాగా ఆలస్యమవుతుంటాం.

నా పని లిఫ్టులు.
పురసవాక్కంలో పదకొండు, అయనావరంలో ఏడు,
దేని రోగం దానిది.
ఒకటి వాన పడితే పైకి పోనంటుంది,
ఒకటి రెండో అంతస్తు బటన్ నొక్కితే
అలిగి ఐదుకి పోతుంది.
సూపర్‌వైజరు ఎళిలరసన్‌కి
పెంచలయ్య అని నోరు తిరగక
పెన్సిల్ అంటాడు.
తొమ్మిదేళ్ళుగా చెక్కతానే ఉన్నాడు,
ఇంకా అయిపోలేదు నేను.

పన్నెండున్నరకి ఫోను.
మూడుకీ నాలుగుకీ మధ్య
ఎవరో ఇరుక్కున్నారంట.
మిద్దె మీద మోటారు గదిలో
బ్రేకు వదిలి, చక్రం చేత్తో తిప్పి
జానెడు జానెడుగా దించి
మెట్లు దిగొచ్చి తలుపు తీశా.
ఎర్ర బనీను పిల్లోడు,
నీళ్ళల్లో ముంచి తీసినట్టున్నాడు.
భుజాన సంచి, సంచిలో ఐస్‌క్రీము.
ఐదో అంతస్తు వాళ్ళు
అప్పటికే వద్దనేశారంట.

పేరు జాకీర్.
ఇరవై నిమిషాలు చీకట్లో ఏం చేశావురా అంటే
నవ్వి, అరవంలో అన్నాడు:
ముందు భయమేసిందన్నా,
తర్వాత, పొద్దుట్నించీ
ఇప్పుడే గదా కూర్చున్నా అనిపించింది.

మెట్ల మీద కూలబడ్డాం.
సీతాఫలం ఐస్‌క్రీము
పాయసమైపోయి ఉంది.
ఉన్న ఒక్క చెంచా నాకిచ్చి
మూత నాకాడు వాడు.
తర్వాత డబ్బా వాడికిచ్చి
చెంచా నేను నాకా.
వాడి ఫోను మోగతానే ఉంది.
నా ఫోనూ మోగతానే ఉంది.
పైనుంచి ఒక పెద్దామె తొంగి చూసి
లిఫ్టు బాగయిందా లేదా అని అరిచింది.
అయిందమ్మా అన్నా.
అయినా లేవలేదు ఇద్దరం.

సాయంత్రం బండిలో
కాలు పెట్టను చోటు లేదు.
ఓబులేసు ఏ పెట్టెలో ఉన్నాడో.
తలుపు కమ్మీ పట్టుకుని నిలబడితే
ఎన్నూరు దగ్గర ఉప్పూ మసీ కలిసిన గాలి
చొక్కాలోకి దూరి వీపు చరిచింది.
ఎవరిదో చంటిబిడ్డ
నా జేబులో టెస్టరు లాక్కుని
గుమ్మిడిపూండి దాకా ఇవ్వలేదు.

ఆదివారం
నా ఇంటామె మస్తానమ్మ
మాలు చూడాలంది.
రోజూ పోయే ఊరికే, రోజూ పోయే బండిలో,
ఇస్త్రీ చొక్కాతో పోవడం
ఎవరి పెళ్ళికో పోతున్నట్టుంది.
కదిలే మెట్లంటే దానికి భయం.
లిఫ్టెక్కాం.
అందరూ అంకెల వంక చూస్తున్నారు,
నేను వింటున్నా.
గైడు షూ అరిగింది, రెండు నెలలు కూడా రాదు, అన్నా.
చెవులు ఇంట్లో పెట్టి రమ్మన్నానా లేదా, అంది.
పక్కాయన మెల్లగా
తలుపు వైపు జరిగాడు.

పై అంతస్తులో సీతాఫలం ఐస్‌క్రీము కొన్నా.
జీతమంతా అక్కడే పెట్టినంత ధర.
చెంచా దిగలేదు,
రాయిలా ఉందంది.

కాసేపాగు, అన్నా,
కరగనీ.